బీఈడీ ట్రైనీకి ముందు పాఠం ఇవ్వకండి, హాజరు పట్టీ ఇవ్వండి

ఇంటర్న్‌షిప్‌కు బీఈడీ ట్రైనీలు బడికి వచ్చిన మొదటి రోజు చాలాచోట్ల జరిగేది ఒకటే. ఆ రోజు ఏ టీచరు లీవులో ఉన్నారో చూసి ట్రైనీని ఆ క్లాసుకు పంపిస్తారు. "ఊరికే కూర్చోబెట్టమ్మా, గోల చేయకుండా చూస్తే చాలు" అంటారు. చేతిలో పాఠం లేదు, పిల్లల పేర్లు తెలియవు, రిజిస్టర్ స్టాఫ్‌రూంలోనే ఉంది. తొమ్మిదో తరగతి బి సెక్షన్, అరవై మంది. పది నిమిషాలు తిరిగేసరికి ఆ అమ్మాయి డస్టర్‌తో టేబుల్ మీద కొడుతూ ఉంటుంది. గోల అర నిమిషం ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, ఆమె మళ్లీ కొడుతుంది. క్లాసును నడపడం గురించి ఆమెకు దొరికిన మొదటి పాఠం అది. కాలేజీలో మనం చెప్పిన సిలబస్ మొత్తం కన్నా అదే గట్టిగా నాటుకుంటుంది.

నేను హైదరాబాద్‌లో సర్కారు హైస్కూళ్లలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. ఇప్పుడు బీఈడీ కాలేజీలో చెబుతున్నాను. ఇది రాస్తున్నది నాలాంటి లెక్చరర్లకు, బడిలో ట్రైనీల బాధ్యత చూసే మెంటార్ టీచర్లకు. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే: ట్రైనీకి క్లాసును ముక్కలుగా అప్పజెప్పండి, అందులో పాఠం ముక్కను అన్నిటికన్నా చివర ఇవ్వండి. ముందుగా పాఠానికి అటూ ఇటూ ఉండే పనులు ఇవ్వండి. హాజరు తీసుకోవడం, నోట్‌బుక్కులు పంచడం, గ్రూపులు చేయడం, ఆటల పీరియడ్ నుంచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, బెల్లుకు ముందు హోంవర్క్ రాయించడం. క్లాసు చేయి జారేది ఎక్కువగా ఇక్కడే. పాఠం మధ్యలో జారేది తక్కువ.

దీనికి టైం లేదని అనడానికి వీల్లేదు. ఉపాధ్యాయ శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో బీఈడీ రెండేళ్ల కోర్సు అయింది, బడిలో గడపాల్సిన కాలం 20 వారాలు అయింది. ఏడాది కోర్సు ఉన్నప్పుడు లెక్కపెట్టి పాఠాలు చెప్పి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడేవాళ్లం. ఇప్పుడు ఆ తొందర లేదు.

కాలేజీలో: చీటీలు రాసి పంచండి

మైక్రో టీచింగ్, అంటే తోటి ట్రైనీలనే పిల్లలుగా కూర్చోబెట్టి చిన్న పాఠం చెప్పించడం, అన్ని కాలేజీల్లోనూ చేస్తాం. ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు ఫీడ్‌బ్యాక్, పన్నెండు నిమిషాలు పాఠాన్ని మళ్లీ సిద్ధం చేసుకోవడం, మళ్లీ ఆరు, మళ్లీ ఆరు. మొత్తం 36 నిమిషాల చక్రం. ప్రశ్నలడగడం, ఉదాహరణలివ్వడం, నల్లబల్ల పని వంటి నైపుణ్యాలు విడివిడిగా అభ్యాసం చేయడానికి ఇది మంచి పద్ధతే. చిక్కల్లా ఒకటే. పిల్లల్లా కూర్చునేది తోటి ట్రైనీలు. వాళ్లంత బుద్ధిమంతులైన పిల్లలు ఈ నగరంలో ఏ బడిలోనూ దొరకరు. రేపు తమ వంతు కూడా వస్తుంది కాబట్టి అడిగిన ప్రశ్నకల్లా చెయ్యెత్తి జవాబు చెబుతారు.

అందుకని నేను చీటీలు పంచుతాను. ఒక్కో చీటీలో ఒక్కో పని ఉంటుంది. పెన్సిల్ చెక్కుకోవడానికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరిచి చెప్పు. బాత్రూంకు పోతానని అడుగు, నీ తర్వాత ఇంకొకరు అడుగుతారు. పుస్తకం తేలేదు, కానీ ఆ సంగతి చెప్పకు. ఏమీ చేయకుండా బయటికి చూస్తూ కూర్చో. పక్కవాడు పెన్ను గుంజుకున్నాడని ఫిర్యాదు చెయ్యి. సగం చీటీలు ఖాళీగా ఇస్తాను, ఎందుకంటే నిజం క్లాసులో సగం మంది ఏ గొడవా చేయరు. ట్రైనీలు ఆ సంగతి మరిచిపోయి క్లాసు మొత్తాన్నీ తిడతారు.

నియమాలు రెండే పెట్టుకోండి. చీటీలో ఉన్నది ఒక్కసారే చేయాలి. టీచరు సరిగ్గా స్పందిస్తే అక్కడితో ఆపేయాలి. ఇది చెప్పకపోతే అబ్బాయిలు సినిమా కామెడీ మొదలుపెడతారు, ఆరు నిమిషాలూ నవ్వులతో గడిచిపోతాయి.

పెన్ను చీటీ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే దాదాపు ప్రతి ట్రైనీ దీంట్లో ఇరుక్కుంటారు. మొన్నటి బ్యాచ్‌లో ఇలా నడిచింది.

"మేడం, వీడు నా పెన్ను గుంజుకుండు."

"ఏం బాబూ, తీసుకున్నావా?"

"నేను తీయలే మేడం, అది నాదే."

"నీదేనా? మరి అతను తనదంటున్నాడే. ఎవరైనా చూశారా?"

ఎవరైనా చూశారా అని అడగగానే ముగ్గురు సాక్షులు లేచారు. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. చీటీలో లేకపోయినా లేచారు. బోర్డు మీద లసాగు సగంలో ఆగిపోయింది. పాఠం పోయి పంచాయితీ కూర్చుంది. టైం అయిపోయిందని గంట కొట్టాను.

పన్నెండు నిమిషాల విరామంలో నేను చెప్పింది ఇది. నీ దగ్గర ఎప్పుడూ రెండు పెన్నులు అదనంగా ఉండాలి. పిల్లవాడు ఫిర్యాదు చేయగానే నడుచుకుంటూ వెళ్లి పెన్ను అతని చేతిలో పెట్టు. "ఇప్పుడు దీంతో రాయి. బెల్లు కొట్టాక ఇద్దరూ నా దగ్గరికి రండి" అను. అను కాని ఆగకు, తిరిగి వస్తూనే లెక్కలో తర్వాతి అంకె అడుగు. రెండోసారి ఆమె అలాగే చేసింది, మొత్తం పదిహేను సెకన్లు పట్టలేదు. కానీ ఇందులో ఒక షరతు ఉంది, దాన్ని కూడా అభ్యాసం చేయించాలి. బెల్లు కొట్టాక నిజంగానే ఆ ఇద్దరినీ పిలవాలి. పిలవకపోతే రేపటి నుంచి "తర్వాత చూద్దాం" అన్న మాటకు క్లాసులో విలువ ఉండదు.

దీని వెనుక పరిశోధన లేకపోలేదు. జేకబ్ కౌనిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త తరగతి గదులను వీడియో తీసి పరిశీలించి 1970లో ఫలితాలు ప్రచురించారు. అల్లరి జరిగిన తర్వాత టీచరు దాన్ని ఎలా అణిచారన్న దాంట్లో మంచి క్లాసులకూ చెడ్డ క్లాసులకూ పెద్ద తేడా ఆయనకు కనబడలేదు. తేడా అంతకు ముందే ఉంది. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో తనకు తెలుసని టీచరు పిల్లలకు తెలియజేస్తున్నారా, ఒకేసారి రెండు పనులు చూసుకోగలుగుతున్నారా, ఒక పని నుంచి ఇంకో పనికి ఆగిపోకుండా వెళుతున్నారా, అన్నవి లెక్కలోకి వచ్చాయి. బోర్డు మీద రాస్తూనే, తల తిప్పకుండా "మూడో బెంచీ, ఆ కాగితం లోపల పెట్టు" అనే టీచరు మీ బడిలోనూ ఒకరు ఉండే ఉంటారు. పరీక్ష కోసం ట్రైనీలు కౌనిన్ పేరు బట్టీ పడతారు. ఆ టీచరు క్లాసులో రెండు పీరియడ్లు వెనక కూర్చోబెడితే అదే విషయం కళ్లతో చూస్తారు.

గొంతు, మౌనం, రోడ్డు

ఇంటర్న్‌షిప్ మొదటి వారం తిరిగేలోపు ట్రైనీల్లో సగం మందికి గొంతు పోతుంది. హైదరాబాద్‌లో ఇది ఇంకా ఎక్కువ. రోడ్డు పక్క బడి, కిటికీ అవతల బస్టాపు, పైన ఫ్లైఓవర్. ఆషాఢంలో బోనాల డప్పులు, భాద్రపదంలో వినాయకుడి మండపం మైకు. దీంతో గొంతు పోటీ పడలేదు, పడకూడదు కూడా. ట్రైనీ వచ్చిన మొదటి రెండు రోజుల్లో ఆ గదిలో ఏ టైంకు ఏ శబ్దం వస్తుందో రాసుకోమనండి. మధ్యాహ్నం నమాజుకు అజాన్ ఎప్పుడు వినిపిస్తుంది, ఎదురు ప్రైవేటు బడి వదిలే టైం ఏది, మధ్యాహ్న భోజనం వంటింటి దగ్గర గిన్నెల చప్పుడు ఎప్పుడు మొదలవుతుంది. వీటిలో చాలావరకు రోజూ దాదాపు ఒకే టైంకు వచ్చేవే. పీరియడ్ ప్లాన్‌లో ఆ నిమిషాల ఎదురుగా రాతపని పెట్టిస్తే చాలు. అప్పుడు టీచరు మాట్లాడాల్సిన పనే ఉండదు.

మౌనం నేర్పడం గొంతు తగ్గించడం కన్నా కష్టం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే కొలిచి చూపారు: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను దాకా ఆగుతారు, అంతే. మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు నోరు విప్పుతారు, జవాబులూ పొడవవుతాయి. మూడు సెకన్లంటే వినడానికి ఏమీ లేదనిపిస్తుంది. అరవై జతల కళ్ల ముందు నిలబడితే తెలుస్తుంది ఎంత పొడుగో. ట్రైనీ చేత్తో తొడ మీద మూడుసార్లు తట్టుకుని తర్వాతే పేరు పిలవాలని నేను చెబుతాను. ప్రశ్న ముందు, పేరు తర్వాత. పేరు ముందు పిలిస్తే మిగతా యాభై తొమ్మిది మందికి సెలవు ఇచ్చేసినట్టే.

ఇక "అర్థమైందా?" అన్న ప్రశ్నను నా ట్రైనీలకు నిషేధించాను. "అయిందీ మేడం" అని రాగం తీసి చెప్పడం మన పిల్లలకు ఒకటో తరగతి నుంచి వచ్చిన విద్య. అందులో అర్థమైనవాడి గొంతూ కానివాడి గొంతూ ఒకటే.

అల్లరి అనుకున్నది భాష కావచ్చు

హైదరాబాద్ సర్కారు బడిలో ఒకే బెంచీ మీద తెలుగు ఇంటి పిల్ల, ఉర్దూ ఇంటి పిల్ల, నాన్న సెంట్రింగ్ పనికి బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన పిల్ల కూర్చుంటారు. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది, పుస్తకాలు ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి బీఈడీ చదివే ట్రైనీకి ఇది కొత్త. "పుస్తకం తీయమంటే వెనక్కి తిరిగి మాట్లాడుతున్నాడు మేడం" అని నాకు ఫిర్యాదు చేస్తారు. వాడు వెనక్కి తిరిగింది ఏం తీయమన్నారో అడగడానికి.

ఇది సరిచేయడం తేలిక, అభ్యాసం ఉంటే. ఒకసారి ఒక్క సూచనే ఇవ్వాలి. చెబుతూ చేతిలో ఆ వస్తువే పట్టుకుని చూపించాలి. పేజీ నంబరు నోటితో చెప్పి ఊరుకోకుండా బోర్డు మీద పెద్దగా రాయాలి. ఆ తర్వాత ఒక పిల్లతో "ఇప్పుడు ఏం చేయాలి?" అని తన భాషలో చెప్పించాలి. కితాబ్ ఖోలో (పుస్తకం తెరువు), కాపీ నికాలో (నోట్‌బుక్ తీయి), సామ్నే దేఖో (ముందుకు చూడు), ధీరే బోలో (మెల్లగా మాట్లాడు) వంటి మాటలు పదీ పన్నెండూ ట్రైనీకి రావాలి. ఉచ్చారణ తప్పితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, సరిచేయమని వాళ్లనే అడగమనండి. ఆ రోజు నుంచి ఆ పిల్లలు ఆ ట్రైనీ వైపు ఉంటారు.

బడిలో: ఏ ముక్క ఎప్పుడు

మొదటి వారం పాఠం వద్దు. మెంటార్ టీచరు పాఠం చెబుతారు, ట్రైనీ హాజరు తీసుకుంటారు, నోట్‌బుక్కులు తానే పంచుతారు. లీడర్ చేత పంచించకూడదు. ఒక్కో పుస్తకం మీద పేరు చదివి, ఆ పిల్ల ముఖం చూసి చేతికివ్వడం వారం రోజులు చేస్తే అరవై పేర్లలో నలభై దాకా నోటికి వస్తాయి. మిగతా ఇరవై కోసం సీటింగ్ చార్టు. ప్యాడ్ మీద బెంచీల గళ్లు గీసి పేర్లు రాసుకోవాలి. "ఏయ్, నువ్వే, ఎర్ర రిబ్బన్" అని పిలిచిన పిల్లకూ, పేరుతో పిలిచిన పిల్లకూ వచ్చే మార్పు ట్రైనీ తానే చూస్తారు.

నోట్‌బుక్కులు పంచే ఆ నాలుగు నిమిషాలే అసలు పరీక్ష. పంచుతున్నంతసేపు పుస్తకం అందినవాళ్లకు పనేమీ లేదు. అందుకే పంచడం మొదలుపెట్టే ముందే బోర్డు మీద రెండు లెక్కలు ఉండాలి: "పుస్తకం అందగానే ఇవి చేయండి." ఇంత చిన్న విషయం. ఇది అలవాటైన ట్రైనీకి క్లాసు సగం చేతికొచ్చినట్టే.

తర్వాత పీరియడ్ మొదలు అప్పజెప్పండి. మొదటి ఐదు నిమిషాలు, అంతే. ట్రైనీ పిల్లల కన్నా ముందే గదిలో ఉండాలి. వీలుకాకపోతే, ముందు పీరియడ్ సార్ బయటికి వచ్చేటప్పుడే గుమ్మం దగ్గర నిలబడి ఉండాలి. భోజనం తర్వాతి పీరియడూ, ఆటల తర్వాతి పీరియడూ తప్పక ఇవ్వండి. పీఈటీ సార్ వదిలిన ఎనిమిదో తరగతి చెమటతో, నీళ్ల సీసాలతో, ఎవరు ఔటో ఇంకా తేలని గొడవతో వస్తుంది. అప్పుడు "సైలెన్స్" అని అరిస్తే ఆ గొడవకు ఇంకో గొంతు కలుస్తుంది. నీళ్లు తాగడానికి రెండు నిమిషాలిచ్చి, తర్వాత డిక్టేషన్ పెట్టిస్తాను. రాయాలంటే వినాలి, వినాలంటే మాట ఆపాలి. లెక్కల్లో అయితే ఎక్కాల డిక్టేషన్.

పీరియడ్ చివరిది వేరే ముక్క. బెల్లు కొట్టాక హోంవర్క్ చెబితే సగం మందికి వినిపించదు, రేపు చేయలేదని వాళ్లనే తిడతాం. బెల్లుకు ఐదు నిమిషాల ముందు బోర్డు మీద రాసి, పిల్లలు రాసుకునేదాకా తిరిగి చూడాలి.

ఇవన్నీ వచ్చాక ఇరవై నిమిషాల పాఠం. ఆ పైన పూర్తి పీరియడ్. ఎవరికి ఎన్ని రోజులు పడుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది, క్యాలెండర్ వేసి అందరినీ ఒకేసారి ముందుకు తోయకండి. తెలుగు మెథడ్ ట్రైనీలు, అంటే తెలుగు బోధన నేర్చుకునేవాళ్లు, మాట మీద పట్టుతో త్వరగా దాటుతారు. సైన్స్ వాళ్లకు సామాను పంచడం, సర్దడం ఉంటుంది కాబట్టి ఇంకో వారం ఇవ్వండి.

మరి లీవు పీరియడ్ల సంగతి? హెచ్‌ఎంలకు కూడా ఇబ్బంది ఉంది, టీచర్లు చాలరు, నాకు తెలుసు. పూర్తిగా వద్దంటే కుదరదు. నేను ఇంటర్న్‌షిప్ మొదటి రోజే వెళ్లి అడుగుతాను: "మొదటి రెండు వారాలు పంపాల్సి వస్తే ఇద్దరిని కలిపి పంపండి సార్." ప్రతి ట్రైనీ సంచిలో ఒక లీవు పీరియడ్ ఫైలు ఉండాలని పెట్టాను. అందులో తరగతికో వర్క్‌షీటు, ఒక చదివే పేరా, ఒక బొమ్మ గీసే పని ఉంటాయి. జెరాక్సులకు డబ్బు ఉండదు కాబట్టి బోర్డు మీద రాయగలిగేంత చిన్నవే. చేతిలో పని ఉన్న ట్రైనీ డస్టర్ జోలికి పోరు.

వెనక బెంచీలో కూర్చున్న సూపర్‌వైజర్ ఏం చేయాలి

మనం రాసే వ్యాఖ్యలు మనకే తెలుసు. "ఆత్మవిశ్వాసం బాగుంది. నల్లబల్ల పని మెరుగుపడాలి. తరగతి నియంత్రణ సంతృప్తికరం." ఇది చదివి ఏ ట్రైనీ రేపు ఏమీ మార్చుకోలేరు.

సీటింగ్ చార్టు జెరాక్స్ తీసుకుని కూర్చోండి. ట్రైనీ ఎవరిని ప్రశ్న అడిగితే ఆ గడిలో ఒక గీత. ఎవరి దగ్గరికి నడిచి వెళితే ఒక చుక్క. ఎవరి పేరు తిట్టడానికి పిలిస్తే ఒక ఇంటూ. ఇంకేమీ రాయకండి. క్లాసులో టీచరు, పిల్లల మాటలను లెక్కగట్టే ఫ్లాండర్స్ పద్ధతిలో పది విభాగాలు, మూడు సెకన్లకోసారి నమోదు అని పరీక్షకు చెబుతాం, కానీ బడిలో అది నడవదు, నమోదు చేసేవాళ్లకు పాఠం వినే తీరికే ఉండదు. ఈ చార్టు ఎవరైనా నింపగలరు, తోటి ట్రైనీ కూడా.

ఒక చార్టు నా దగ్గర ఇంకా ఉంది. ఏడో తరగతి సోషల్ పాఠం, మంచి పాఠమే. గీతలన్నీ ముందు రెండు బెంచీల్లో, అమ్మాయిల వరసలో. ఇంటూలన్నీ వెనక, అబ్బాయిల వరసలో, అందులోనూ నాలుగు ఒకే గడిలో. చుక్కలు లేనే లేవు, ట్రైనీ టేబుల్ దాటి రాలేదు. నేను ఏమీ అనకుండా కాగితం ఆమె చేతికిచ్చాను. కాసేపు చూసి, "ఆ బాబును నేను పాఠం ఏమీ అడగలేదు మేడం, తిట్టడానికే పిలిచాను" అంది. మర్నాడు ఆమె చేసిందల్లా ఒకటే, పాఠం సగం ఆ గడి పక్కన నిలబడి చెప్పింది. ఆ పిల్లవాణ్ని ఒక ప్రశ్న అడిగింది, అతనికి వచ్చిన ప్రశ్న. ఆ రోజు ఇంటూలు తగ్గాయి.

ఒక రోజుకు ఒకే విషయం చెప్పండి. ఐదు చెబితే ఐదూ పోతాయి. ముందు ట్రైనీ చెప్పాలి, తర్వాత మనం. చెప్పేది స్టాఫ్‌రూంలో నలుగురి ముందు వద్దు, వరండాలో చెప్పండి.

ఇంకొకటి. పిల్లల ముందు ట్రైనీని "ఏమ్మా, ఇట్రా" అని పిలవకండి. "మేడం గారూ" అనే పిలవండి, అబ్బాయి అయితే "సార్". పిల్లలు వీళ్లను "ట్రైనింగ్ మేడం" అంటారు, అంటే సగం మేడం అన్నమాట. మనం కూడా సగమే చేస్తే ఇక క్లాసు ఎలా నిలుస్తుంది? పాఠం మధ్యలో మెంటార్ లేచి గోలను అణిచేసినా జరిగేది అదే. నిజంగా కొట్లాట అయితే తప్ప లేవనని ముందే ఒప్పందం చేసుకోండి. లేవాలనిపించినప్పుడు నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను, చాలా కష్టం.

బెత్తం గురించి

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అందులో 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధిస్తుంది. ట్రైనీలందరికీ ఇది తెలుసు, పరీక్షలో రాస్తారు. బడికి వెళ్లాక ఏం వింటారు? సీనియర్ సార్ "రెండు తగిలించమ్మా, అప్పుడే వింటరు" అంటారు. తల్లి గేటు దగ్గర ఆపి "కొట్టి చదివించండి మేడం, మేమేం అనం" అంటుంది. పిల్లలే వెళ్లి బెత్తం తెచ్చి టేబుల్ మీద పెడతారు, అది వాళ్లకు రోజూ ఉండే పని.

"కొట్టకూడదు" అని చెప్పి వదిలేస్తే ట్రైనీ గోడకుర్చీ వేయిస్తారు, గుంజీలు తీయిస్తారు, బయట నిలబెడతారు, నలుగురిలో వెక్కిరిస్తారు. ఇవన్నీ ఆ సెక్షన్ కిందికే వస్తాయని గట్టిగా చెప్పండి. చెప్పాక, దాని బదులు ఏం చేయాలో మాటలతో సహా అభ్యాసం చేయించండి. మాట్లాడుతున్న పిల్ల దగ్గరికి పాఠం ఆపకుండా నడిచి వెళ్లి నిలబడటం. ఆగకపోతే బెంచీ మీద వేలితో చేయాల్సిన లెక్క చూపించడం. అదీ కాకపోతే వంగి, ఆ పిల్లకు మాత్రమే వినపడేలా "ఇది పూర్తి చెయ్యి, ఐదు నిమిషాల్లో వచ్చి చూస్తా" అనడం, వచ్చి చూడటం. ఆ పైన పీరియడ్ అయ్యాక ఒంటరిగా మాట. ఆ పైన క్లాస్ టీచరు. ఈ మెట్లలో మొదటి మూడు ట్రైనీ ఒంటికి పట్టాలి, అందుకే కాలేజీలో చీటీలతో పదే పదే చేయిస్తాను.

సీనియర్ బెత్తం చేతికిచ్చినప్పుడు అక్కడ చట్టం గురించి ఉపన్యాసం ఇవ్వొద్దని కూడా చెబుతాను. ఇంకా కొన్ని వారాలు ఆ స్టాఫ్‌రూంలో కూర్చోవాలి కదా. "మా కాలేజీలో ఒప్పుకోరు సార్, మా మేడం చాలా స్ట్రిక్టు" అనమంటాను. నిందంతా నా మీద వేయండి, నాకేం నష్టం లేదు.

పొద్దున్నే నిద్రపోయే పిల్లవాడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్‌లో తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలు కొందరు రాత్రుళ్లు ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు వెళతారు. తెల్లవారుజామున ఇల్లు చేరి బడికి వస్తారు. ట్రైనీ దాన్ని తనకు అవమానం అనుకుంటారు. ముందు అడగమనండి, నెమ్మదిగా, పీరియడ్ అయ్యాక. తెలిసింది క్లాస్ టీచరుకు చెప్పమనండి, అది ట్రైనీ ఒక్కరు మోయాల్సిన బరువు కాదు.

పదో తరగతికి వెళ్లే ట్రైనీలకు

కుర్ర ట్రైనీకీ పదో తరగతి పిల్లలకూ వయసు తేడా కొన్నేళ్లే. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి రోజు సాయంత్రమే రిక్వెస్టులు వస్తాయి. ఒక్కటీ ఒప్పుకోకూడదు, నంబరు ఇవ్వకూడదు, అకౌంటు ప్రైవేటు చేసుకోవాలి, ఇది బడికి వెళ్లే ముందు రోజే. సెల్ఫీలు వద్దు. డౌటు ఉంటే బడిలోనే అడగమనాలి. "అక్కా" అని పిలవనివ్వడం గురించి నా సహోద్యోగులతో నాకు భేదాభిప్రాయం ఉంది. వాళ్లు చనువు పెరుగుతుందంటారు. ఆరు, ఏడు తరగతుల్లో ఫర్వాలేదని నా ఉద్దేశం, పదిలో మాత్రం "మేడం" అనే ఉండాలి.

రికార్డులో చివరి పేజీ

ఇంటర్న్‌షిప్ ముగిశాక మెంటార్ నింపే పత్రంలో తరగతి నిర్వహణ అన్న గడికి ఎదురుగా మార్కు ఒకటి వేసి వదిలేస్తాం. మా కాలేజీలో దాని కింద మూడు గీతల జాగా అదనంగా వదిలి, మెంటార్లను ఇవి రాయమని అడుగుతున్నాను: రిజిస్టర్ చూడకుండా ఎంతమంది పేర్లు పిలవగలరు, నోట్‌బుక్కులు పంచి అందరూ రాయడం మొదలుపెట్టడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది, ఆటల తర్వాతి పీరియడ్‌లో మీరు గది బయట ఉండగలరా. మూడోదానికి "ఉండగలను" అని రాస్తే, మార్కు ఎంత వేయాలన్నది నేను మళ్లీ అడగను.